బతికొచ్చిన మనిషి వెంట ఎవరున్నారు?

పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి మారని మాట ఒకటుంది: ‘కడుపునొప్పి తాళలేక పురుగుల మందు తాగి...’. ఆ కడుపునొప్పి వెనక ఏముందో ఊరందరికీ తెలుసు. కిస్తీ కోసం ఫైనాన్స్ వాళ్లు వాకిట్లో కూర్చున్నారనో, మొగుడు తాగొచ్చి కొట్టాడనో, కుర్రాడు ఇంటర్ తప్పాడనో చెప్పుకుంటూనే ఉంటారు. పోలీసులకు మాత్రం కడుపునొప్పి అనే చెబుతారు. కేసు భయం, పరువు భయం, ఆడపిల్లయితే రేపు పెళ్లి కాదేమోనన్న భయం. ప్రాణం దక్కి ఆస్పత్రిలో చేరినవారి కేస్‌షీట్‌లోకీ అదే కారణం ఎక్కుతుంది. మానసిక వైద్యం మొదలుకావాల్సిన చోట చేతికందే మొదటి సమాచారమే తప్పు.

దేశంలో 2022లో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క తేల్చింది. తెలంగాణలో ఆ రేటు దేశ సగటుకు రెట్టింపు దాటింది. ప్రయత్నించి బతికినవారి సంఖ్య చనిపోయినవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మళ్లీ అదే పనికి పూనుకునే ప్రమాదం మిగతా అందరికంటే వీరికే ఎక్కువన్నది ఏ దేశంలో చూసినా రుజువైన విషయం. అంటే సాయం ఎవరికి కావాలో వెతుక్కుంటూ ఊళ్లు తిరగనక్కర్లేదు. వాళ్లు మన ఆస్పత్రి మంచాల మీదే ఉన్నారు. ఆ నాలుగైదు రోజుల్లో, ఇంటికి వెళ్లిన తర్వాతి వారాల్లో వాళ్లకు మనం ఏం చేస్తున్నాం?

శరీరాన్ని బతికించడంలో మన ప్రభుత్వాస్పత్రులు ఆరితేరాయి. పురుగుల మందుకు విరుగుడైన అట్రోపిన్ ఇచ్చి, వెంటిలేటర్ పెట్టి, రాత్రంతా మంచం పక్కనే ఉండి గట్టెక్కిస్తున్న హౌస్‌సర్జన్లకు, నర్సులకు ఎంత రుణపడినా తక్కువే. చిక్కంతా ఆ తర్వాతే.

డిశ్చార్జికి ముందు కేస్‌షీట్‌లో ‘సైకియాట్రీ ఒపీనియన్’ అని రాస్తారు. సైకియాట్రీ విభాగం నుంచి జూనియర్ డాక్టర్ ఒకరు వార్డుకొస్తారు. అప్పటికే ఓపీలో వంద మందిని చూసి ఉంటారు. మంచం మీద కోడలు, తల దగ్గర అత్తగారు, కాళ్ల దగ్గర భర్త, పక్క మంచం వాళ్ల చెవులన్నీ ఇటే. ‘ఏమ్మా, ఎందుకిలా చేశావు?’ అనడిగితే అత్తగారు అందుకుంటుంది: ‘ఏం లేదు సార్, కాస్త కోపం ఎక్కువ, అంతే.’ ‘మళ్లీ ఇలాంటి పని చేస్తావా?’ ‘చెయ్యను సార్.’ ఆ అమ్మాయి ఇంకేం చెబుతుంది? నిద్రకో మాత్ర, దిగులుకో మాత్ర నెల రోజులకు సరిపడా రాసి, ‘ప్రస్తుతం ఆత్మహత్య ఆలోచనలు లేవు, రెండు వారాల తర్వాత ఓపీకి రావాలి’ అని ముగిస్తారు. రెండు బస్సులు మారి, ఒకరోజు కూలి పోగొట్టుకుని ఆమెను మళ్లీ తీసుకొచ్చేదెవరు? మొన్ననే ప్రాణం తీసుకోబోయిన మనిషి ఇంటికి నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చి పంపడం సబబేనా? వారానికి సరిపడా మాత్రమే ఇచ్చి, వాటిని ఇంట్లో నమ్మకమైన ఒకరి చేతిలో ఉంచమని చెప్పడానికి అదనపు డబ్బు అక్కర్లేదు.

ఇది ఆ జూనియర్ డాక్టర్ తప్పు కాదు. ‘ఈ మనిషి మళ్లీ చేస్తుందా, చెయ్యదా’ అని జోస్యం చెప్పమని మన పద్ధతి అడుగుతోంది. అది ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. యాభై ఏళ్లలో జరిగిన 365 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో వెలువడింది. ఆత్మహత్యను ముందే పసిగట్టడంలో మన అంచనాలు బొమ్మా బొరుసూ వేయడంకంటే కాస్త మెరుగు, అంతేనని అందులో తేలింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే ‘నైస్’ సంస్థ 2022లో ఇంకో అడుగు ముందుకేసింది. స్కోర్లు, స్కేళ్లతో భవిష్యత్తును అంచనా కట్టవద్దని, ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ ప్రమాదం’ అంటూ మనుషుల్ని విడగొట్టి ఎవరికి చికిత్స ఇవ్వాలో, ఎవరిని ఇంటికి పంపాలో తేల్చవద్దని స్పష్టంగా రాసింది. చనిపోయినవారిలో చాలామందిని అంతకుముందు డాక్టర్లు ‘తక్కువ ప్రమాదం’ వర్గంలోనే రాసుకున్నారన్న చేదు అనుభవం దీని వెనక ఉంది. నా ఉద్దేశంలో ‘తక్కువ ప్రమాదం’ అన్న రాత రేపు ఏదైనా జరిగితే ఆస్పత్రిని కాపాడడానికి పనికొస్తుందేమోగానీ, రోగిని కాపాడదు.

అలాగని ప్రశ్నావళులు వద్దనడం లేదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నిస్సత్తువ, బతకాలనిపించకపోవడం వంటివి ఎన్ని రోజులు బాధపెట్టాయో అడిగి 27కు ఎన్ని వచ్చాయో చూస్తారు. డిప్రెషన్ ఉందేమో గమనించడానికి, చికిత్సతో తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి అది మంచి సాధనం. కానీ మొగుడి చేతి దెబ్బలు గానీ, కౌలు రైతు నెత్తి మీది అప్పు గానీ అందులో కనపడవు.

మనిషిని అంచనా వేయడమంటే ముందుగా ఒంటరిగా మాట్లాడడం. బంధువులను పది నిమిషాలు బయట కూర్చోమనడం మన ఆస్పత్రుల్లో మొరటుగా అనిపిస్తుంది, కొందరు గొడవకు కూడా దిగుతారు. అయినా అడగాల్సిందే. ఆ రోజు పొద్దున లేచింది మొదలు ఏం జరిగిందో వరసగా చెప్పించుకోవాలి. ఏ మాట దగ్గర మనసు విరిగింది, ఏ క్షణంలో చెయ్యి డబ్బా మీదకు వెళ్లింది, బతికినందుకు ఇప్పుడేమనిపిస్తోంది అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదని పరిశోధనలు తేల్చాయి, పైగా అడిగినప్పుడు మనిషికి కాస్త ఊపిరాడుతుంది. థైరాయిడ్, రక్తహీనత, ప్రసవమై ఎన్నాళ్లయింది, మద్యం ఎంత, పాత జబ్బులేమిటి అన్నవి ఎలాగూ చూడాలి. ఇదంతా నలభై నిమిషాల పని. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో ఆ నలభై నిమిషాలు శిక్షణ పొందిన నర్సు గానీ సైకాలజిస్టు గానీ ఇవ్వాలి. డాక్టరే అన్నీ చేయాలంటే ఏదీ జరగదు.

ఆ మాటల చివర మిగలాల్సింది ఒక కాగితం. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు రూపొందించిన భద్రతా ప్రణాళిక అలాంటిదే. మనసు కుంగుతున్నట్టు తెలిపే గుర్తులేమిటి, అప్పుడు తనంతట తాను ఏం చేయగలదు, ఎవరి దగ్గరికి వెళ్తే కాస్త మళ్లుతుంది, ఎవరికి నిజం చెప్పగలదు, ఏ డాక్టరుకు ఫోన్ చేయాలి, ఇంట్లో ప్రమాదకరమైనవి ఎలా దూరం పెట్టాలి అన్నవి రోగి తన మాటల్లోనే చెప్పి రాయిస్తుంది. మన కోడలి కాగితంలో ‘రాత్రి ఆయన తాగొచ్చినప్పుడు మేనత్త ఇంటికి వెళ్తాను’ అని ఉండొచ్చు. పురుగుల మందు ఇంట్లో కాకుండా దూరంగా తాళం వేసి పెట్టే పూచీ మరిది తీసుకోవచ్చు. అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో ఈ ప్రణాళికతోపాటు ఇంటికెళ్లాక ఫోన్లు కూడా చేసినప్పుడు, తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన సుమారు 45 శాతం తక్కువగా కనపడిందని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

ఇంకా దగ్గరి రుజువు చెన్నైలోనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతోపాటు శ్రీలంక, ఇరాన్, చైనా, బ్రెజిల్‌లోని నగరాల్లో 1,867 మందితో ఒక ప్రయోగం చేసి 2008లో ఫలితాలు ప్రకటించింది. ఆత్మహత్యకు యత్నించి అత్యవసర విభాగానికి వచ్చినవారిలో సగం మందికి మామూలు చికిత్సే ఇచ్చారు. మిగతా సగానికి అదనంగా గంటసేపు వివరంగా మాట్లాడారు, తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో ‘ఎలా ఉన్నారు’ అని పలకరించారు. మామూలు చికిత్సతో పంపినవారిలో 2.2 శాతం ఆత్మహత్యతో చనిపోతే, పలకరించినవారిలో అది 0.2 శాతమే. ఫోన్లు, ఉత్తరాలతో పలకరించే పద్ధతి మీద తర్వాత జరిగిన అధ్యయనాలన్నీ ఇంత గొప్ప ఫలితం చూపలేదు, అది దాచనక్కర్లేదు. అయినా లెక్క వేయండి. ఒక్కో పలకరింపు పది నిమిషాలనుకున్నా మొత్తం గంటన్నర. దాన్ని ఐసీయూలో వెంటిలేటర్ మీద ఒక్కరోజుకయ్యే ఖర్చు పక్కన పెట్టి చూడండి.

పలకరింపు ఆలస్యం కాకూడదు కూడా. మానసిక చికిత్స వార్డు నుంచి ఇంటికెళ్లిన మొదటి ఒకటి రెండు వారాలే అన్నిటికంటే ప్రమాదకరమని బ్రిటన్ అనుభవం. అందుకే అక్కడ డిశ్చార్జయిన 72 గంటల్లోపు రోగిని పలకరించాలన్న ప్రమాణం పెట్టుకున్నారు. మన ‘రెండు వారాల తర్వాత ఓపీ’ సరిగ్గా ఆ కాలాన్ని ఖాళీగా వదిలేస్తోంది.

ఇది దయతో చేసే పని కాదు, చట్టం చెప్పిన పని. 2018 మే 29న అమల్లోకొచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారిని శిక్షించకూడదని చెప్పింది. అదే సెక్షన్ రెండో భాగం, మళ్లీ అలా జరగకుండా వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అంది. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చేసిన ప్రయత్నం మాత్రమే ఇప్పుడు నేరం. అయినా కేసవుతుందన్న భయం ఊళ్లలో అలాగే ఉంది. కడుపునొప్పి కథ కట్టనక్కర్లేదని వార్డులో చేర్చుకున్నప్పుడే ఎవరైనా చెప్పాలి కదా.

రైతు ఆత్మహత్య చేసుకుని చనిపోతే 2004 నాటి జీవో 421 ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ఇంటికొచ్చి అప్పులెన్ని, పంట ఏమైంది, పాసుపుస్తకం ఉందా అని విచారిస్తారు. తెలంగాణ 2015లో జీవో 194తో పరిహారం ఆరు లక్షలు చేసింది. ఆ సాయం కావాల్సిందే. కానీ అదే రైతు బతికి ఇంటికొస్తే ఏ కమిటీ గుమ్మం తొక్కదు. అప్పు అలాగే ఉంటుంది, ఆస్పత్రి ఖర్చు దానికి కలుస్తుంది. బతికినవారి అప్పు గురించి బ్యాంకుతో మాట్లాడే అధికారి, హింస ఉంటే బాధిత మహిళలను ఆదుకునే సఖి కేంద్రానికి చేర్చే మనిషి లేకుండా మాత్ర ఒక్కటే ఏం చేయగలదు?

గ్రామస్థాయిలో మనుషులు లేరన్న వాదన నిలవదు. పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే ట్యాబ్ పట్టుకుని ఇంటింటా పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు అడిగారు, అవసరమైనవారిని పీహెచ్‌సీకి పంపారు. అయితే ఒక జాగ్రత్త కావాలి. ఆశా అదే ఊరి మనిషి, ఒక్కోసారి అదే వీధి. తన సంగతి ఆమెకు తెలియడం ఇష్టమో కాదో ముందు రోగినే అడగాలి, వద్దంటే ఆస్పత్రి నుంచే ఫోన్ వెళ్లాలి. ఊళ్లో గుసగుసలు మొదలైతే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

2022 అక్టోబరులో మొదలైన, ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్‌కు రెండు రాష్ట్రాల్లోనూ కేంద్రాలున్నాయి. ఇప్పుడది రోగి చేసే ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. అడుగంటిపోయిన మనిషి తానే నంబరు వెతికి నొక్కాలి. రోగి ఒప్పుకుంటే ఆస్పత్రులు డిశ్చార్జి వివరాలు అక్కడికి పంపి, మూడో రోజుకల్లా అక్కడి నుంచే ఫోన్ వెళ్లేలా చేయాలి. డిశ్చార్జి కాగితం మీద మాత్రల పేర్ల కింద, ఎవరు ఫోన్ చేస్తారో, ఏ తేదీన చేస్తారో రాయాలి. అప్పటిదాకా ఎవరికి సాయం కావాలన్నా 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.