ఫొటో కింద రాసే నాలుగు వాక్యాలే పాఠం

బడిలో సెల్‌ఫోన్ ఉండాలా వద్దా అన్న వాదన ఏళ్లుగా నలుగుతూనే ఉంది. ఫోన్‌తో తీసిన ఫొటోను ఆన్‌లైన్‌లో అందరూ చూసే చోట పెట్టి, దాని వివరాన్ని పిల్లల చేత రాయిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఆ వాదనలో వినిపించదు. నా దృష్టిలో, పాఠ్యపుస్తకం చేయలేని పనిని అది చేస్తుంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ తాలూకాకు దాని అవసరం మరీ ఎక్కువ.

ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గర దొరికిన ఎముకల ఆధారంగానే శాస్త్రవేత్తలు 1975లో బరపాసారస్ అనే రాక్షసబల్లికి పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం నేడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. తమ నేలలో దొరికిన దాన్ని అంత దూరం వెళ్లలేని సిరొంచ పిల్లలు చూడగలిగేది ఫొటోలోనే.

అయితే చూడటంతో ఆగితే అది టీవీ ముందు కూర్చోవడమే అవుతుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటు ఈ పిల్లలకు దగ్గరే. నెలకొకసారి ఒకే గట్టు మీద, ఒకే దిక్కుకు నిలబడి సంగమాన్ని ఫొటో తీసి, తేదీ, చోటు, నీటి రంగు, ఇసుక మేట ఎంతవరకు పెరిగిందన్న సంగతి రాసి పెడితే, మే నెల ఫొటో పక్కన ఆగస్టు ఫొటో చేరేసరికి వార్ధా, వైన్‌గంగల నీటిని ప్రాణహిత మోసుకొస్తుందన్న భూగోళపు వాక్యం వారి కళ్లెదుట రుజువవుతుంది. తాము రాసింది ముక్కూమొహం తెలియనివారు కూడా చదువుతారని తెలిసిన పిల్లవాడు "పెద్ద రాయి" అని రాసి ఊరుకోడు. పక్కన స్కేలు పెట్టి కొలుస్తాడు. పరిశీలన అంటే ఇదే. మార్కుల కోసం రాసే జవాబులో ఈ జాగ్రత్త ఎప్పటికీ రాదు.

పిల్లల ముఖాలు ఇంటర్నెట్‌కెక్కుతాయన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కోరుతోంది. కానీ ఇక్కడ ఫొటో తీయవలసింది నదిని, రాయిని, పంటను, ముఖాలను కాదు. అందుకు ఉపాధ్యాయుడి ఫోన్ ఒక్కటి చాలు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది భాష. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడిలో మరాఠీలో చదువుతూ, తనకు బాగా తెలిసిన చేను గురించి కూడా నోరు విప్పలేకపోతున్నాడు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. కొత్త పుస్తకాలు అచ్చయ్యేదాకా ఆగనవసరం లేదు. ఎవరైనా ఫొటోలు పెట్టగల, 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఆన్‌లైన్ భండారంలో ఒకే ఫొటోకు తెలుగులోనూ మరాఠీలోనూ వివరణ ఇవ్వవచ్చు, పైసా ఖర్చు లేదు. సిరొంచలోని ఒక జిల్లా పరిషత్ పాఠశాల, అవతలి గట్టున కాళేశ్వరం వైపున్న ఒక తెలంగాణ పాఠశాల జతకట్టి, వచ్చే వానాకాలంలో అదే సంగమాన్ని రెండు ఒడ్డుల నుంచీ ఫొటో తీయాలి. దీనికి రెండు జిల్లాల విద్యాధికారుల అనుమతి సరిపోతుంది, దాన్ని ఈ విద్యా సంవత్సరంలోనే ఇవ్వాలి.