ఎగ్జిట్ తర్వాత బతుకుదాం అనుకుంటే

మాదాపూర్ కాఫీ షాపుల్లో స్టార్టప్ వాళ్ల పక్కన కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: "ఎగ్జిట్ అయ్యాక చూద్దాం." ఎగ్జిట్ అంటే కంపెనీ అమ్ముడవడమో, షేర్ మార్కెట్‌కి ఎక్కడమో. ఇల్లు మారడం, పిల్లల సంగతి, ఊళ్లో అమ్మానాన్నల దగ్గర నాలుగు రోజులు ఉండి రావడం, చివరికి నడుం నొప్పికి డాక్టర్‌కి చూపించుకోవడం కూడా ఎగ్జిట్ అయ్యాకే. నేను చాలా ఏళ్లు అలాంటి వాళ్ల మధ్యే పనిచేశాను. బయటికొచ్చాక డబ్బు గురించి, పని గురించి నా ఆలోచన మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతోంది. జీతంలో కొంత రేపటికి వదులుకోవడం ఒక బేరం. దానికి కాగితం ఉంటుంది, సంతకాలు ఉంటాయి. దాంతోపాటు బతకడాన్ని కూడా రేపటికి నెట్టేయడానికి ఏ కాగితమూ లేదు.

కాగితం ఉన్న బేరమైనా ఎంత గట్టిదో చూడాలి. ఈసాప్స్, అంటే కంపెనీ షేర్లను ముందే చెప్పిన ధరకు తర్వాత కొనుక్కునే హక్కు, ఇచ్చిన రోజుకీ, మొదటి వాటా మనదయ్యే రోజుకీ మధ్య కనీసం ఏడాది ఉండాలని 2014 నాటి కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. మొత్తం చేతికి రావడానికి మామూలుగా నాలుగేళ్లు. పది రూపాయలకు కొనుక్కోమని ఇచ్చిన షేరు విలువ మనం కొనుక్కునే రోజుకి వెయ్యి రూపాయలని లెక్క కట్టారనుకుందాం. వెయ్యి షేర్లు తీసుకుంటే ఆ తేడా 9 లక్షల 90 వేలు జీతంగానే లెక్కకొస్తుంది. ముప్ఫై శాతం శ్లాబులో ఉన్నవాళ్లకి సెస్‌తో కలిపి పన్ను మూడు లక్షలు దాటుతుంది. షేర్లు అమ్ముకోవడానికి మార్కెట్ లేదు, చేతికి ఒక్క రూపాయి రాలేదు, పన్ను మాత్రం కట్టాలి. 2020 బడ్జెట్‌లో దీన్ని వాయిదా వేసుకునే వీలు కల్పించారు గానీ, అది ప్రభుత్వం నుంచి ప్రత్యేక సర్టిఫికెట్ పొందిన స్టార్టప్‌ల ఉద్యోగులకే. ఆ వెసులుబాటు ఉన్నవాళ్లు కూడా ఉద్యోగం మానేస్తే పద్నాలుగు రోజుల్లో లెక్క తేల్చాలి. అలసిపోయి ఆగుదామనుకున్న మనిషి మీద సరిగ్గా ఆ సమయానికే బిల్లు వచ్చి పడుతుంది. ఇది అన్యాయం. షేర్ మార్కెట్‌లో లిస్ట్ కాని ఏ కంపెనీ ఉద్యోగికైనా షేర్లు అమ్మి డబ్బు చూసిన రోజే పన్ను ఉండాలి.

2022లో ప్రపంచంలో చాలాచోట్ల వడ్డీలు పెరిగాయి. మన దగ్గర రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, ఆ ఏడాది మే దాకా 4 శాతం, 2023 ఫిబ్రవరికల్లా 6.5. చౌక డబ్బు ఇంకిపోయింది, స్టార్టప్‌లకు పెట్టుబడుల రౌండ్లు ఆగిపోయాయి. కంపెనీ అమ్ముడైనచోట కూడా ఒప్పందం ప్రకారం ఇన్వెస్టర్లు ముందు తమ డబ్బు తీసుకుంటారు, మిగిలితేనే ఉద్యోగికి. నాలుగేళ్లు పెట్టుకున్న ఆశ ఒక్క ఈమెయిల్‌తో తేలిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇదంతా సాహసం వద్దని చెప్పడానికి కాదు. ఈ ఊరు ఎదిగిందే సాహసాల మీద. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి ఉద్యోగం వదిలి, తర్వాత 1984లో మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అప్పుడు స్టార్టప్‌లకు అండగా నిలిచే టీ-హబ్ లేదు, ఇన్వెస్టర్లకు చూపించే పిచ్ డెక్ లేదు. నా బాధ సాహసం గురించి కాదు, దాని పేరున మనం వదిలేస్తున్న మామూలు రోజుల గురించి.

మొన్న మధ్యలో ఒక మంగళవారం నాన్నని మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. చుక్కల మందు వేసి కూర్చోమన్నారు. ఆయన కళ్లు మూసుకుని, నా మోచేయి పట్టుకుని, "ఇవాళ నీకు ఆఫీసు లేదా?" అని అడిగారు. లేదన్నాను. నమ్మకం కుదరలేదేమో, మళ్లీ అడిగారు. తర్వాత బాలానగర్ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టుల గురించి, సైకిల్ మీద తెల్లవారుజామున ఇంటికి రావడం గురించి, నేను ఎప్పుడూ వినని సంగతులు చెబుతూ పోయారు. పనిదినం పూట, పదకొండు గంటలకు, ఫోన్ చూసుకోకుండా. ఎంత డబ్బొచ్చినా ఆ పూటని తర్వాతెప్పుడో కొనుక్కోలేను.

అలాంటి మంగళవారాలు కావాలంటే నెల ఖర్చు దగ్గర మొదలెట్టాలి. స్టార్టప్‌లో అందరం రన్‌వే లెక్కలు, అంటే ఉన్న డబ్బు ఎన్ని నెలలు వస్తుందో, వేస్తాం, ఇంటికి మాత్రం వేసుకోం. పన్నెండు లక్షలు దాచుకుని నెలకు లక్ష ఖర్చు పెట్టే ఇంటికి ఏడాది ఊపిరి ఉంది. అదే ఇల్లు అరవై వేలతో నడిస్తే ఇరవై నెలలు. జీతం ఒక్క రూపాయి పెరగకుండానే ఎనిమిది నెలలు చేతికొచ్చాయి. అందుకే కోకాపేటలో పెద్ద ఫ్లాట్‌కి ఇరవై ఏళ్ల ఈఎమ్ఐ తలకెత్తుకున్న మిత్రుణ్ని చూస్తే నాకు ఇల్లు కంటే ముందు, ఇక ఎప్పటికీ వద్దనలేని ఉద్యోగం కనిపిస్తుంది. ఆరోగ్య బీమా కూడా కంపెనీ కార్డు మీదే ఆధారపడితే ఆ ఉద్యోగం మరీ బిగుసుకుంటుంది. మానేసిన రోజే ఆ కార్డు పోతుంది కాబట్టి, సొంత పాలసీ ముందే ఉండాలి.

ఈ మాటలు అందరికీ ఒకేలా వర్తించవని తెలుసు. చెల్లి పెళ్లి అప్పు, ఊళ్లో పొలం మీద తెచ్చిన ఫీజుల బాకీ నెత్తిన ఉన్న కుర్రాడికి నెమ్మదిగా బతకమని చెప్పే హక్కు నాకు లేదు. అతను పెద్ద జీతం వెంట పరిగెత్తడం సరైన నిర్ణయమే.

కానీ ఫౌండర్ల కథల్లో ఎప్పుడూ చెప్పని విషయం ఒకటుంది. కొండాపూర్‌లో, నల్లగండ్లలో ఎన్నో స్టార్టప్‌లు నడిచింది ఇంట్లో రెండో మనిషి ఐటీ జీతం మీద. అద్దె, స్కూల్ ఫీజు, అత్తగారి మందులు అన్నీ ఆ జీతంలోంచే. ఎక్కువగా ఆ రెండో మనిషి భార్య. ఉద్యోగం నచ్చకపోయినా మానేసే వీలు లేనిది, ప్రమోషన్ కోసం బెంగళూరు వెళ్లలేకపోయినది ఆమె. కంపెనీలో ఎవరికెంత వాటా ఉందో చెప్పే క్యాప్ టేబుల్‌లో ఆమె పేరు ఉండదు. కాబట్టి స్టార్టప్ వదిలాక "ఇక నాకు నచ్చినట్టు బతుకుతా" అని ప్రకటించే ముందు ఇంట్లో అడగాల్సిన మాట ఒకటి ఉంది: ఇన్నేళ్లు నువ్వు మోశావు, ఇప్పుడు ఆగాల్సింది నేనా, నువ్వా? మా ఇంట్లో ఈ చర్చ జరిగింది. ప్రస్తుతం నేను చిన్న కంపెనీలకు నెలవారీ ఫీజుకి పనిచేస్తూ ఇంటి ఖర్చు మోస్తున్నాను, తను ఏడాది సెలవు పెట్టింది.