తాళంచెవుల గుత్తి వారికి విన్నపం

మహారాజశ్రీ ఇనుప తాళంచెవుల గుత్తి వారి దివ్య సముఖమునకు,

ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోగానే, మనిషిని పక్కకు ఒత్తిగిలించాలన్న ఆలోచన కన్నా ముందు “తాళాలు, తాళాలు” అన్న కేక వినిపించడమే తమ ప్రతాపానికి నిదర్శనం. చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. తమరు సరిగ్గా ఆ వేళకు అరచేతిలో చేరి ఆ ఖ్యాతినంతా మూటగట్టుకుంటారు. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ తమ ముందు ఏపాటిది!

మా పక్కవాటాలో పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. పొద్దున్నే నిద్ర లేవగానే ఆమె చేతులు ఉలిక్కిపడినట్లు అదిరి, కాఫీ గ్లాసు జారిపోయేది. చేతిలో పస లేదని తిట్టి, గాజు గ్లాసు తీసేసి స్టీలుది ఇచ్చారు. ఆ అదురు మూర్ఛకు ఒక రూపమని ఏడాదిపాటు ఎవరికీ తోచలేదు. పరీక్షల కోసం రాత్రంతా మేలుకున్న మర్నాడు ఆమె స్నానాలగది గుమ్మంలో పడిపోయాక తమరు వేంచేశారు. అంతవరకు ఎక్కడున్నారని అడగడం అమర్యాద, కొక్కేనికే ఉన్నారు. తీరా చూస్తే, పెళ్లి కావలసిన పిల్ల అని నరాల డాక్టరు దగ్గరకు వెళ్లడానికి ఇంకో నాలుగు నెలలు వెనకాడారు. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను అడ్డంకిగా చూపిన మాటను 1999లోనే తొలగించిన సంగతి పెళ్లిచూపుల దాకా ఇంకా చేరినట్లు లేదు.

తమ మహిమ తెలియని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం, లోకంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందనీ, అందులో నాలుగో వంతు నివారించదగినదేననీ, సరిగా గుర్తించి మందులు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరనీ చెబుతోంది. కాన్పులో బిడ్డకు ఊపిరి అందకపోవడం, హెల్మెట్ లేని తలకు తగిలిన దెబ్బ, మెదడువాపు, మురికి చేతుల ద్వారానో కడగని కూరల ద్వారానో కడుపులో చేరే పంది బద్దెపురుగు గుడ్లు (పంది మాంసం ముట్టని ఇళ్లనూ ఇవి వదలవు) – మూర్ఛను తెచ్చిపెట్టే వీటిలో ఏ తాళానికి తమ గుత్తిలో చెవి ఉందో సెలవియ్యగలరు.

ఈసారి ఎవరైనా పడిపోతే తమరు కొక్కేనికే ఉండిపోవలసిందిగా ప్రార్థన. తమకోసం బీరువా వైపు పరుగెత్తే మనిషి అక్కడే నిలబడి, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సినట్లు ఫిట్స్ అయిదు నిమిషాలు దాటాయేమో గడియారం చూస్తాడు.

ఇట్లు,
తమ పక్కవాటా మనిషి