మాస్టారు మారితే చెయ్యి మారాలి

డ్రమ్ కోర్ అంటే కవాతు చేస్తూ డ్రమ్ములూ బాకాలూ వాయించే యువ బృందం. అలాంటి ఓ అమెరికన్ కోర్, బోస్టన్ క్రూసేడర్స్, పైకొచ్చింది బయటి నుంచి పేరున్న ఇన్‌స్ట్రక్టర్లను తెచ్చుకోవడం వల్లేనని దాని మీద వచ్చిన వ్యాసంలో రాశారు. సగం నిజమే. ఈ కోర్‌లకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) నడిపే పోటీల్లో 2016లో వాళ్లది 12వ స్థానం, కొత్త సిబ్బంది వచ్చిన 2017లో 6. కానీ మొదటి టైటిల్ దక్కింది 2025లో. మధ్యలో అన్నేళ్లు ఓపిక పట్టిన సంగతి కూడా రాయాల్సింది.

మా అబ్బాయి ఇక్కడ అమెరికాలోనే ఓ చిన్న కోర్‌లో రెండేళ్లు స్నేర్ డ్రమ్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్ము) వాయించాడు. రెండో ఏడు మాస్టారు మారారు. మొదటాయన మణికట్టుతోనే కొట్టమనేవారు, ఈయన చెయ్యంతా కదలాలన్నారు. పుల్ల ఎంత ఎత్తు లేవాలో ఆ కొలతా మారింది. చలికాలమంతా గరాజ్‌లో అద్దం ముందు, ప్రాక్టీస్ ప్యాడ్ (సాధనకు వాడే రబ్బరు పలక) మీద టకటకలే. వేళ్లకు టేపు చుట్టుకునే అన్నానికి వచ్చేవాడు (స్పూనుతో తిన్నాడు లెండి). 22 దాటితే కోర్‌లో ఉండనివ్వరు కాబట్టి పిల్లలకు ఒక్క సీజన్ పోయినా పెద్ద నష్టమే.

కోర్‌లు మాస్టార్లను మార్చుకోవచ్చు, తప్పు లేదు. ఆగస్టులో ఫైనల్స్ అవగానే మారుస్తున్నామని చెప్పేస్తే ఉండాలో వెళ్లాలో పిల్లలే తేల్చుకుంటారు. మా అబ్బాయి కోర్ వాళ్లు మాత్రం ఆడిషన్ (ఎంపిక పరీక్ష) ఫీజు కట్టించుకున్నాక చెప్పారు.