ఆటలో పడిపోయే బిడ్డకు మొదట ఈసీజీ తీయాలి

బడిలో ప్రార్థన వేళ ఎండకు నిలబడలేక కళ్లు తిరిగి పడిపోయే పిల్లలను మన ఉపాధ్యాయులు తరచూ చూస్తూనే ఉంటారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్లవాడికి ముందు కళ్లు మసకబారి, చెమటలు పట్టి, కడుపులో తిప్పినట్టయి ఆ తరువాత ఒళ్లు తూలుతుంది. నీడలో పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తిపెడితే తేరుకుంటాడు. పిల్లలు సొమ్మసిల్లడంలో అత్యధిక భాగం ఇలాంటిదే. కబడ్డీ కూతకు వెళ్లి మధ్యలోనే, ముందుగా ఏ సూచనా లేకుండా కుప్పకూలిన పిల్లవాడి సంగతి వేరు. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే వంశపారంపర్యంగా వచ్చే గుండె లయ లోపాలు కొందరు పిల్లల్లో ఫిట్స్‌గా చలామణి అవుతున్నాయి.

ప్రతి స్పందన తరువాత గుండె కణాలు విద్యుత్తుపరంగా తేరుకుని మరో స్పందనకు సిద్ధం కావాలి. కణాల పొరలోని పొటాషియం, సోడియం మార్గాలను నిర్మించే జన్యువుల్లో లోపం ఉంటే ఆ తేరుకునే వ్యవధి సాగిపోతుంది. దీన్ని లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అంటారు. సుమారు 2,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. పరుగు, భయం, ఉలికిపాటు వంటి సందర్భాల్లో గుండె కింది గదులు లయ తప్పి అతివేగంగా కొట్టుకోవడంతో మెదడుకు రక్తం అందక బిడ్డ పడిపోతుంది, ఒక్కోసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంది. చాలాసార్లు కొన్ని క్షణాల్లోనే లయ దానంతటదే సర్దుకుని బిడ్డ లేచి కూర్చుంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. సర్దుకోని రోజున ప్రాణం పోతుంది.

ఏం చేస్తుండగా పడిపోయాడన్నదే ఇక్కడ అసలు ఆధారం. ఈ జబ్బు మొదటి రకంలో వ్యాయామం, అందులోనూ ఈత, రెండో రకంలో అలారం మోత వంటి ఆకస్మిక శబ్దం, మూడో రకంలో నిద్ర ప్రమాదానికి తావిస్తాయి. పెన్నలోనో వ్యవసాయ బావిలోనో, ఈత బాగా వచ్చిన కుర్రవాడు మునిగి చనిపోతే సుడిలో చిక్కాడని సరిపెట్టుకుంటాం. అలాంటి మరణాలన్నీ గుండె వల్లనే అని చెప్పడానికి లేదు. కానీ ఆ ఇంట్లోనే మరో బిడ్డ ఆటలో పడిపోతుంటే, ఆ పాత చావు సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి; చెప్పకపోయినా వైద్యుడే అడగాలి.

ఉదయగిరి, వింజమూరు వంటి మెట్ట మండలాల్లో ఇలా పడిపోయిన బిడ్డకు మొదట ముఖాన నీళ్లు చల్లుతారు, చేతిలో తాళాలగుత్తి పెడతారు, సాయంత్రం దిష్టి తీస్తారు. తరువాత పట్నానికి తీసుకువెళితే తలకు స్కానింగు, మెదడు విద్యుత్తును చూసే ఈఈజీ, ఆపైన ఫిట్స్ మందు. చేతులు కొట్టుకోవడం కళ్లారా చూసిన తల్లిదండ్రులను తప్పుపట్టలేం. అంత ఖర్చు పెట్టించినచోట, దానికంటే ఎంతో చౌకైన, గుండె విద్యుత్తును కాగితం మీద అలలుగా గీసే ఈసీజీ ఒక్కటి ఎందుకు తీయరన్నదే నా ఆవేదన. ఆ కాగితం మీద ఒక్కో చిన్న గడి 0.04 సెకను. క్యూ అల మొదలైన చోటు నుంచి టీ అల ముగిసిన చోటు వరకు గడులు లెక్కించి, గుండె వేగానికి తగ్గట్టు సవరించగా వచ్చిన విలువ 0.48 సెకను దాటితే అనుమానం బలపడుతుంది. యంత్రం ముద్రించిన అంకెతో సరిపెట్టకుండా వైద్యుడు స్వయంగా కొలవడం మంచిది. సీపీవీటీ అనే మరో వంశపారంపర్య లోపం ఉంది. అందులో విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగానే కనిపిస్తుంది, ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించినప్పుడే గుట్టు బయటపడుతుంది.

నార్వే వైద్యులు జెర్వెల్, లాంగే-నీల్సన్ 1957లో ఒకే ఇంట్లో పుట్టుచెవుడుతో పాటు తరచూ సొమ్మసిల్లే నలుగురు తోబుట్టువుల గురించి రాశారు; వారిలో ముగ్గురు 4, 5, 9 ఏళ్ల వయసులో హఠాత్తుగా చనిపోయారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు చేరితేనే వచ్చే, చెవుడుతో కూడిన ఈ లాంగ్ క్యూటీ రూపానికి మేనరికాల్లో అవకాశం ఎక్కువ. అక్క కూతురిని, మేనత్త కొడుకును చేసుకోవడం ఇంకా సాగుతున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. అలాగని బయటి సంబంధం చేసుకున్నవారు నిశ్చింతగా ఉండటానికీ లేదు: మామూలు లాంగ్ క్యూటీ తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడుల్లో, అంగన్‌వాడీల్లో గుర్తించాల్సిన జబ్బుల జాబితాలో పుట్టుచెవుడూ ఉంది, మూర్ఛ జబ్బులూ ఉన్నాయి. ఆ రెండు పేర్లతో నమోదైన ప్రతి బిడ్డకూ ఈసీజీ తప్పనిసరి చేయడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు.

జబ్బు తేలితే దారి ఉంది. గుండె వేగాన్ని అదుపులో ఉంచే ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్ర రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటే చాలామందికి రక్షణ దొరుకుతుంది. మధ్యలో మానేస్తే ముప్పు తిరిగివస్తుంది. మాత్రలు చాలనివారికి గుండెకు ఎడమవైపు నుంచి వెళ్లి దాన్ని ఉసిగొలిపే సింపథెటిక్ నాడులను తొలగించే శస్త్రచికిత్స, లయ తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసేలా ఒంట్లో అమర్చే ఐసీడీ పరికరం ఉన్నాయి. అజిత్రోమైసిన్, ఒండాన్‌సెట్రాన్, డోంపెరిడోన్ వంటివి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర జ్వరానికో వాంతులకో చటుక్కున దొరుకుతాయి. లాంగ్ క్యూటీ పిల్లలకు అవే ప్రమాదకరం. వాడకూడని మందుల జాబితాను తెలుగులో రాసి ఇవ్వడం మందుల చీటీ రాసే వైద్యుడి బాధ్యత. ఒక బిడ్డకు జబ్బు తేలిన రోజే తల్లికీ తండ్రికీ తోబుట్టువులకూ ఈసీజీ తీయాలి, ఇంతవరకు ఒక్కసారైనా పడిపోని చెల్లెలితో సహా.