నాయినను ఎవరు సాదుతున్నరు?

మా దేవరకొండ దిక్కు ఊళ్లలో ఎవరైనా ముసలాయన మాట వస్తే ముందుగా అడిగేది "ఇప్పుడు ఎవరు సాదుతున్నరు?" అనే. కొడుకులు ఎంత పంపుతున్నారన్నది ఆ తర్వాతి ముచ్చట. అమెరికాకు వచ్చిన మనం ఈ సాదడం, అంటే దగ్గరుండి చూసుకోవడం, అన్న మాటను వదిలేశాం, దాంతోపాటు ఆ పని చేస్తున్న మనుషులనూ వదిలేస్తున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది.

పోషణకు మాటలకేం తక్కువ లేదు. పోషణ, పుష్టి రెండూ సంస్కృతంలో పుష్ అనే ధాతువు నుంచి వచ్చాయి. కోర్టు కాగితాల్లో కనిపించే భరణం భృ ధాతువుది. భారం, భర్త, భార్య అన్నీ ఆ ఇంటివే, మోయడమే దాని అర్థం. ఆసరా ఆశ్రయం నుంచి పుట్టి హిందీ, ఉర్దూల మీదుగా మన దగ్గరికి చేరింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం పింఛన్లకు ఆ పేరు పెట్టాక మా ముసలివాళ్లకు ఆసరా అంటే నెలకు వెయ్యి, తర్వాత 2016 రూపాయలు అయింది.

సాదడం మాత్రం వేరే. కోస్తాలో సాకడం అంటారు, మక్తల్ దాటి కన్నడ సీమలోకి పోతే అక్కడా పెంచడానికి సాకు అన్న మాటే ఉంది. మా దగ్గర పసిబిడ్డను సాదుతారు, గొర్లను బర్లను సాదుతారు, మంచాన పడ్డ తల్లినీ సాదుతారు. పాలమూరు నుంచి కూలికి పుణె, ముంబై పోయిన వాళ్ల పిల్లలు పెద్దయ్యాక "మమ్మల్ని మా అవ్వనే సాదింది" అంటారు, అమ్మానాన్న పైసలు పంపలేదని కాదు, పొద్దున లేపి ముఖం కడిగింది అవ్వ కాబట్టి.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తిండి, బట్ట, నివాసం, వైద్యం పోషణ కింద లెక్కగట్టింది, పట్టించుకోని పిల్లల నుంచి నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చంది. మంచి చట్టమే, కానీ అందులో ఉన్నవన్నీ డబ్బుతో కొనగలిగినవి. మా తమ్ముడి భార్య జొన్నరొట్టెను చిన్న చిన్న ముక్కలుగా విరిచి, వేడి పప్పులో మెత్తబడే దాకా నానబెట్టి, ఉప్పు సరిపోయిందో లేదో చూసి, పళ్లు లేని మా నాయిన ముందు పెడుతుంది, ఆయన విసుక్కున్నా గిన్నె ఖాళీ అయ్యేదాకా అక్కడే కూర్చుంటుంది. ఇది ఏ ట్రిబ్యునల్ ఇప్పిస్తుంది?

అందుకే నేను చెప్పేది ఒకటే. ఆస్తి పంపకాల రోజున టికెట్ కొనుక్కొని పోయి సమానంగా వాటా అడిగేవాళ్లను మన సంఘంలోనే చూస్తున్నాను, చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు కూడా. చట్టప్రకారం హక్కుంది, నిజమే. కానీ ఏళ్ల తరబడి ఎత్తి, పోసి, తుడిచి సాదినవాళ్లకు ఎక్కువ భాగం రావాలని ఆ మాట మనమే ముందుగా అనాలి, వాళ్లు నోరు తెరిచి అడిగే పరిస్థితి రానీయకూడదు. అదీ నాయిన బతికుండగానే, ఆయన వినేలా, మరదలు కూడా అక్కడ ఉన్నప్పుడే అనాలి, కాగితం మీద కూడా అట్లానే రాయించాలి.