అనుమతి పుచ్చుకోండి మహప్రభో!

మా ఊళ్లో ఎండకి కరువంటే ఎవరూ నమ్మరు. రాజమండ్రి కదా, రోహిణీకార్తెలో రోళ్లు పగిలే ఊరు. కానీ మా పక్కింటి బాబాయిగారికి మాత్రం ఎండ కరువే. వాళ్లింటికి తూర్పున అయిదంతస్తుల అపార్ట్‌మెంట్, పడమర పెద్ద మామిడిచెట్టు. ఇక మిగిలింది మా డాబా. మెట్లు ఇంటి బయటినుంచి కట్టించుకోవడం, గేటుకి తాళం వెయ్యకపోవడం, ఈ రెండూ మేం చేసుకున్న పాపాలు.

మొదటి వేసవిలో పిన్నిగారు చాటెడు చల్లమిరపకాయలతో మొదలుపెట్టారు. "పైన ఎండబెట్టుకోనా" అనలేదు. "పైన పెట్టాను, కాకులొస్తే కాస్త చూడు బాబూ" అన్నారు. మరుసటేడు చాట పోయి పాత పంచె వచ్చింది. ఆపైన నులకమంచం. ఆ తర్వాత రెండు నులకమంచాలు. ఇప్పుడు మే నెలలో మా డాబా ఎక్కితే కాలు పెట్టే చోటుండదు. మంచాలనిండా బూడిదగుమ్మడి వడియాలు, పంచె నాలుగు మూలలా ఎగిరిపోకుండా నాలుగు ఇటుకలు (మావే), మధ్యలో కాకుల్ని బెదిరించడానికి విప్పిపెట్టిన నల్లగొడుగు (అదీ మాదే). మా ఆవిడ తడిబట్టలు బాత్‌రూంలో ఆరేసుకుంటోంది. వెళ్లి అడగవే అంటే, "ఏడాదికో డబ్బా ఇస్తున్నారు కదండీ, ముద్దపప్పులో అవి లేకపోతే మీకు ముద్ద దిగుతుందా?" అంటుంది. దిగదు. ఏం చెయ్యను?

మొన్న మా బావమరిది వచ్చాడు. లాయరు. డాబా అంతా కలయజూసి, ఆరీ ఆరని వడియం ఒకటి నోట్లో వేసుకుని, "ఎన్నేళ్లనించి బావా ఇది?" అన్నాడు.

"ఇది పద్దెనిమిదో వేసవి."

నమలడం ఆపేశాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో, అంటే పక్కవాడి స్థలాన్ని వాడుకునే హక్కుల చట్టంలో, 15వ సెక్షను ఉందిట. ఒకరి ఆస్తిని ఇంకొకరు బాహాటంగా, గొడవ లేకుండా, మధ్యలో ఆపకుండా, నా హక్కే అన్నట్టు 20 ఏళ్లు వాడుకుంటే అది నిజంగానే హక్కయి కూర్చుంటుందిట. అదే గవర్నమెంటు స్థలమైతే 30 ఏళ్లు. గవర్నమెంటు కళ్లు తెరవడానికి పదేళ్లు ఎక్కువ పడుతుందని చట్టానికీ తెలుసన్నమాట.

"వడియాల మంచానికి ఏ జడ్జీ హక్కివ్వడనుకో. కానీ మీ బాబాయిగారు కోర్టు గుమాస్తాగా రిటైరైన మనిషి. ఎందుకైనా మంచిది, నువ్వు అనుమతి ఇచ్చెయ్."

"గెంటెయ్యమంటావనుకుంటే ఇచ్చెయ్యమంటావేంట్రా?"

"అదే కిటుకు. నీ అనుమతితో వాడుకుంటే ఎన్నేళ్లయినా హక్కు రాదు బావా."

అంటే అడిగి వాడుకున్నవాడికి ఏమీ రాదు, అడక్కుండా వాడుకున్నవాడికి హక్కొస్తుంది. ఇన్నాళ్లూ బాబాయిగారిది మొహమాటం లేనితనం అనుకున్నాను. పాండిత్యం!

ఆ సాయంత్రమే వెళ్లాను. వాలుకుర్చీలో పేపరు చదువుతున్నారు.

"బాబాయిగారూ, మా డాబా మీద వడియాలు పెట్టుకోవడానికి మీకు మనస్ఫూర్తిగా అనుమతి ఇస్తున్నాను."

పేపరు దించి, కళ్లజోడు మీదుగా చూశారు. "నేనడిగానటోయ్?"

"లేదండీ. అయినా ఇస్తున్నాను."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. నువ్వేంటోయ్, అడక్కుండానే పెడతానంటావు? నాకొద్దు."

"పోనీ వడియాలు తీసేస్తారా?"

"ఎందుకు తీస్తాం? ఇంకా రెండెండలు తగలాలి."

అంటూ బల్లసొరుగులోంచి డైరీ తీశారు. ఒకటి కాదు, కట్ట. ఒకటి తెరిచి చూపించారు. "ఏప్రిల్ 22. గుమ్మడి వడియాలు, ఒక మంచము. ఇంటాయన చూచెను. ఊరకుండెను." ఇంకో ఏడుది: "మే 3. చల్లమిరపకాయలు. ఇంటాయన చూచెను. గుప్పెడు పట్టుకుపోయెను." అది నిజమే. నాకే గుర్తు లేదు.

ఇంటికొచ్చి వాట్సాప్‌లో అనుమతి పెట్టాను. మెసేజ్ కింద నీలం గీతలు రాలేదు. స్పీడ్ పోస్టులో పంపాను. పుచ్చుకోనన్నారని పోస్ట్‌మాన్ నాకే తెచ్చిచ్చి, పక్కింటికి ఉత్తరం పోస్టులో పంపే మనిషిని ఎలా చూడాలో అలా చూసి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం గోదావరి వైపునుంచి నల్లగా కమ్ముకొచ్చింది. "బాబూ, వడియాలు!" అని గోడ అవతలనించి పిన్నిగారి కేక. లుంగీ ఎగగట్టుకుని పైకి పరిగెత్తాను. గొడుగు అప్పటికే ఎగిరి మామిడిచెట్టు మీద వాలింది. పంచెలు మూటగడుతున్నాను, చినుకులు టపటపా పడుతున్నాయి. ఇంతలో బాబాయిగారు నెత్తిన తువ్వాలు వేసుకుని మెట్లదగ్గరికొచ్చారు. మెట్లు తడిసి నున్నగా ఉన్నాయి. ఒక కాలు మొదటి మెట్టుమీద పెట్టి, తలెత్తి, "ఏమోయ్, పైకి రమ్మంటావా?" అన్నారు.

అడిగారు! పద్దెనిమిదేళ్లకి మొదటిసారి అడిగారు!

"రండి బాబాయిగారూ, రండి! అనుమతి ఇస్తున్నాను!" అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాను.

మెట్టుమీద పెట్టిన కాలు మెల్లిగా వెనక్కి తీసుకున్నారు. వానలో తడుస్తూ క్షణం ఆలోచించారు. తువ్వాలు సర్దుకుని ఇంటికి వెళ్లిపోయారు.

రెండు మంచాలూ నేనే దింపాను. ఆ రాత్రి మా హాల్లో ఫ్యాను కింద నేలంతా వడియాలే. సోఫాలో కూడా. మేమిద్దరం వంటింట్లో చాప వేసుకు పడుకున్నాం.

పొద్దున్నే బాబాయిగారు కాఫీ గ్లాసుతో సహా వచ్చారు. గుమ్మంలో నిలబడి హాలంతా తీరిగ్గా చూశారు. డైరీ తెరిచి, నాకు వినపడేలా చదువుకుంటూ రాసుకున్నారు.

"వర్షము. ఇంటాయన స్వయముగా వడియములు ఎత్తి హాలులో ఆరబెట్టెను. హాలు: మొదటి సంవత్సరము."